చెవి పెట్టిన కామా: ఒక వారంటీ ఒప్పందం సవరణపై కేస్ స్టడీ

ఇంగ్లిష్ దస్తావేజులను సరిదిద్దడం నా వృత్తి. ఒప్పందాలు, యంత్రాల వాడకాన్ని వివరించే మాన్యువల్స్, టెండర్లకు ఇచ్చే జవాబులు అవతలి పక్షం చేతికి వెళ్లే ముందు నా బల్ల మీదికి వస్తాయి. ఇక్కడ వివరిస్తున్నది హైదరాబాద్‌లోని ఒక మధ్యతరహా సంస్థ కోసం చేసిన పని. శీతల గిడ్డంగులకు కావలసిన యంత్రసామగ్రిని తయారుచేసి విదేశాలకు పంపే ఆ సంస్థ పేరు గానీ, కొనుగోలుదారు పేరు గానీ ఈ వివరణకు అవసరం లేదు. ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. కామాలు, అపాస్ట్రఫీలు మాత్రం మూలంలో ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి.

గొడవకు కారణమైన వాక్యం ఇది: “ది మోటర్స్, విచ్ వర్ టెస్టెడ్ ఇన్ హైదరాబాద్, క్యారీ ఎ త్రీ-ఇయర్ వారంటీ.”

సంస్థ పంపిన సరుకులో రెండు రకాల మోటార్లు ఉన్నాయి. కొన్నింటిని హైదరాబాద్‌లోని సొంత షెడ్డులో పరీక్షించి పంపారు. మిగతావి వేరే తయారీదారు దగ్గర కొని, నేరుగా రేవుకు చేర్చినవి; వాటికి ఆ తయారీదారు ఇచ్చిన వారంటీ ఏడాది మాత్రమే. తాము పరీక్షించిన వాటికే మూడేళ్ల వారంటీ అన్నది సంస్థ ఉద్దేశం. రెండో ఏట, బయట కొన్న మోటారు ఒకటి కాలిపోయినప్పుడు కొనుగోలుదారు ఉచితంగా మార్చి ఇవ్వమన్నాడు. సంస్థ కుదరదంది. అవతలి నుంచి వాదనేమీ రాలేదు. ఆ నిబంధన ఉన్న పేజీ మాత్రం తిరిగి వచ్చింది, రెండు కామాల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి. ఆ కామాలు ఉన్నంతవరకు ఆ వాక్యానికి అర్థం ఒక్కటే: మోటార్లన్నింటికీ మూడేళ్ల వారంటీ ఉంది, అన్నట్టు వాటిని హైదరాబాద్‌లో పరీక్షించారు. సంస్థ మోటారు మార్చి ఇచ్చి, ఆ తరువాత నన్ను పిలిచింది. ఒప్పందాన్నీ, దానికి జతపరిచిన మాన్యువల్‌నూ నా ముందు పెట్టి, ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో చూడమన్నారు.

ఆగాలనిపించిన చోట

రెండు దస్తావేజులనూ రాసింది ఆ సంస్థలోని ఒక ఇంజనీరు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నారు. ఇంగ్లిష్ పట్టున్న మనిషి. క్రియల్లో, కాలాల్లో దాదాపు తప్పులు లేవు, పదాల ఎంపిక చక్కగా ఉంది. ఆ రెండు కామాలు ఎందుకు పెట్టారని అడిగితే ఆవిడ దాచకుండా చెప్పారు: “మాస్టారూ, పైకి చదువుకుంటే అక్కడ ఆగాలనిపించింది. ఆగిన చోట కామా పెట్టమనే కదా బడిలో చెప్పింది?”

నా పనికి దారి చూపింది ఈ మాటే. బడిలో అలా చెప్పడానికి కారణం లేకపోలేదు. కామా అనే పేరుకు గ్రీకు మూలంలో కోసిన ముక్క అని అర్థం. గ్రీకు రాతల్లో ఈ చిహ్నాలు పుట్టినప్పుడు పైకి చదివేవారికి ఊపిరి తీసుకునే చోట్లు చూపడమే వాటి పని. పదిహేనో శతాబ్దం చివర వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయం ఇప్పటి కామా రూపాన్ని స్థిరపరిచింది. తరువాతి శతాబ్దాల్లో ఇంగ్లిష్ కామా క్రమంగా ఊపిరిని విడిచి వాక్యనిర్మాణం వైపు జరిగింది. మన తాళపత్రాల్లో కామా లేనే లేదు, అది అచ్చుతో పాటు మనకు వచ్చింది. తెలుగులో వాక్యభాగాలను కలిపే పని విభక్తులూ, క్రియల చివరి రూపాలూ చూసుకుంటాయి కాబట్టి, ఇక్కడ అది ఇప్పటికీ ప్రధానంగా ఊపిరి గుర్తుగానే మిగిలింది. తెలుగు వాక్యంలో ఒక కామా తీసేసినా అర్థం సాధారణంగా చెక్కుచెదరదు. ఆ అలవాటుతో ఇంగ్లిష్ రాసేవారు కామాను చెవితోనే పెడతారు. ఆవిడ పెట్టినవి అన్నీ చెవి పెట్టిన కామాలే, వాటిలో సగానికి పైగా సరైన చోటే పడ్డాయి; రోగం ఇన్నాళ్లూ బయటపడకపోవడానికి అదే కారణం.

అందుకని తప్పులను వ్యాకరణ పుస్తకంలోని నియమాల వారీగా విడదీయలేదు. ప్రతి తప్పు పక్కనా, దాని వెనుక ఉన్న తెలుగు వాక్యం ఏమై ఉంటుందో పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లాను. మూడు వారాల పనిలో మొదటి వారం దీనికే సరిపోయింది. ఆ వారం వృథా కాలేదని తరువాత తేలింది.

విశేషణ వాక్యం: తెలుగు దాచిపెట్టే తేడా

మోటార్ల వాక్యం వెనుక ఉన్న తెలుగు ఇది: “హైదరాబాద్‌లో పరీక్షించిన మోటార్లకు మూడేళ్ల వారంటీ ఉంది.” ఇందులో “పరీక్షించిన” అనేది ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టి నామవాచకం ముందు నిలబడే రూపం. అన్ని మోటార్లనూ పరీక్షించారా, కొన్నింటినేనా అన్నది ఈ తెలుగు వాక్యం చెప్పదు. సందర్భం తెలిసినవాడికి సందేహం రాదు, తెలియనివాడు అడిగి తెలుసుకుంటాడు. ఇంగ్లిష్‌లో ఆ తేడాను మోసేది కేవలం కామా. “ది మోటర్స్ విచ్ వర్ టెస్టెడ్ ఇన్ హైదరాబాద్” అని కామాల్లేకుండా రాస్తే, పరీక్షించిన మోటార్లు మాత్రమే. రెండు కామాల మధ్య పెడితే, మోటార్లన్నీ. మన భాషలో గుర్తు లేని తేడాకు పరభాషలో గుర్తు పెట్టాల్సి వచ్చినప్పుడు చెవి ఏ సాయమూ చేయదు, ఎందుకంటే ఆ తేడాను వినడం దానికి ఎన్నడూ అలవాటు కాలేదు.

ఆవిడకు నేనిచ్చిన పరీక్ష ఒక ప్రశ్న. విశేషణ భాగాన్ని చేత్తో మూసి, మిగిలిన వాక్యం చదవాలి: “మోటార్లకు మూడేళ్ల వారంటీ ఉంది.” ఇప్పుడు “ఏ మోటార్లకు?” అని అవతలివాడు అడగాల్సి వస్తే, ఆ భాగం వాక్యానికి అవసరం, కామాలు రాకూడదు. అడగాల్సిన పని లేకపోతే అది అదనపు సమాచారం, రెండు వైపులా కామాలు రావాలి. రెండు వైపులా అన్నది గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మాన్యువల్‌లో చాలాచోట్ల ముందు కామా పెట్టి, వెనక కామాను మర్చిపోయారు. తెరిచిన తలుపు మూయనట్టు ఆ వాక్యాలు వేలాడుతున్నాయి.

అమెరికా సంపాదకులు ఇంకో జాగ్రత్త తీసుకుంటారు. అవసరమైన భాగానికి “దట్”, అదనపు భాగానికి కామాలతో “విచ్” వాడతారు. బ్రిటిష్ రాతలో రెండు చోట్లా “విచ్” కనిపిస్తుంది. ఒప్పందాల్లో నేను అమెరికా పద్ధతినే పాటిస్తాను, ఎందుకంటే ఫొటోకాపీలో కామా చెరిగిపోయినా పదం మిగులుతుంది. వారంటీ వాక్యం చివరికి ఇలా మారింది: “ఓన్లీ ది మోటర్స్ దట్ వర్ టెస్టెడ్ ఇన్ హైదరాబాద్ క్యారీ ఎ త్రీ-ఇయర్ వారంటీ.” “ఓన్లీ” చేర్చడం వ్యాకరణరీత్యా అవసరం లేదు. అయితే ఒకసారి దెబ్బ తిన్న వాక్యానికి కాస్త కట్టు కట్టడం తప్పు కాదనిపించింది.

చివరలు పోయిన క్రియలు, లేని క్రియలు

మాన్యువల్‌లో ఎక్కువగా కనిపించిన రెండో తప్పు ఇలాంటిది: “ది కంప్రెసర్ స్టాప్స్, ది అలారం రింగ్స్, ది ఆపరేటర్ షుడ్ క్లోజ్ ది వాల్వ్.” పూర్తి వాక్యాలు మూడింటిని కామాలతో గుచ్చారు. దీని వెనుక ఉన్న తెలుగులో లోపమేమీ లేదు: “కంప్రెసర్ ఆగి, అలారం మోగితే, ఆపరేటర్ వాల్వ్ మూయాలి.” ఇక్కడ “ఆగి”లోని క్త్వార్థక రూపం ఒక పని తరువాత ఇంకోటి అని చెబుతోంది, “మోగితే”లోని చేదర్థక రూపం షరతును చెబుతోంది. కామాలు ఉత్త అలంకారం. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఆ చివరలు రాలిపోయి, వాటి బరువంతా కామాల మీద పడింది. ఇంగ్లిష్ కామా ఆ బరువు మోయలేదు. ఫలితంగా, కంప్రెసర్ ఆగినప్పుడల్లా అలారం మోగడం సహజమేననీ, వాల్వ్ మూయడం వేరే సూచన అనీ ఆ వాక్యం చదివే ఆపరేటర్ అనుకునే వీలుంది. శీతల గిడ్డంగిలో అది చిన్న విషయం కాదు. సవరించిన వాక్యం: “ఇఫ్ ది కంప్రెసర్ స్టాప్స్ అండ్ ది అలారం రింగ్స్, ది ఆపరేటర్ షుడ్ క్లోజ్ ది వాల్వ్.” షరతు ముందు వస్తే దాని తరువాత కామా ఉంటుంది, వాక్యం చివరికి జరిపితే సాధారణంగా ఉండదు.

“హౌఎవర్”తో వచ్చిన తప్పులు కూడా ఇదే కుటుంబానివి. దాన్ని “కానీ”తో సమానంగా భావించి రెండు పూర్తి వాక్యాల నడుమ కామాతో అతికించారు. అది “బట్” లాంటి సముచ్చయం కాదు. దాని ముందు సెమికోలనో ఫుల్‌స్టాపో ఉండాలి.

మూడో రకం నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించింది. “ది మెయిన్ పర్పస్ ఆఫ్ దిస్ యూనిట్, ఈజ్ టు మెయింటైన్ ఎ స్టెడీ టెంపరేచర్.” కర్తకూ క్రియకూ మధ్య కామా వచ్చింది. ఇది చాలామంది తెలుగువారి ఇంగ్లిష్‌లో కనిపించేదే, పొడవాటి కర్త వల్ల ఊపిరి ఆడక పెట్టారని నేను చాలాకాలం అనుకున్నాను. ఈ పనిలో పెన్సిల్‌తో తెలుగు రాసుకుంటూ ఉంటే ఇంకో సంగతి తట్టింది. “ఈ యూనిట్ ముఖ్య ఉద్దేశం, ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచడం.” తెలుగులో ఈ తరహా వాక్యానికి క్రియే లేదు. “ఆయన మా నాన్న” అన్నప్పుడు “ఈజ్”కు సమానమైన పదం ఎలా ఉండదో, ఇక్కడా అంతే. లేని క్రియ ఉండాల్సిన చోట మనం చిన్న విరామం ఇస్తాం, రాసేటప్పుడు అక్కడ కామా వేస్తాం. ఇంగ్లిష్‌లో “ఈజ్” వచ్చి ఆ చోట కూర్చున్నాక కూడా, పాత అద్దెదారులా కామా ఖాళీ చేయలేదు. ఈ వివరణ విన్నాక ఆవిడ నవ్వి, తన పాత ఈమెయిల్స్ తెరిచి ఇలాంటివి తానే ఏరి చూపించారు.

జాబితాలు, మెయిన్ రాష్ట్రపు పాలడబ్బాలు

జాబితాలో చివరి అంశానికి ముందు, అంటే “అండ్” లేదా “ఆర్”కు ముందు కామా ఉండాలా వద్దా అన్న వాదన పాతది. ఆక్స్‌ఫర్డ్ కామా అని పేరు పడ్డ ఈ కామాను అమెరికా పుస్తక ప్రచురణకర్తలు ఎక్కువగా పెడతారు, అక్కడి పత్రికలు ఎక్కువగా వదిలేస్తాయి. మన సంస్థలో దీనికి ఒక పద్ధతంటూ లేదు. ఒకే పేజీలో రెండు రకాలూ ఉన్నాయి. దీని అవసరం చెప్పడానికి ఆవిడకు నేను వివరించిన కేసు ఓక్‌హర్స్ట్ డెయిరీది.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ కేంద్రంగా ఉన్న ఈ డెయిరీపై అక్కడి డ్రైవర్లు 2014లో ఓవర్‌టైం వేతనం కోసం దావా వేశారు. ఆ రాష్ట్ర చట్టం కొన్ని పనులకు ఓవర్‌టైం వర్తించదని జాబితా ఇచ్చింది. పాడైపోయే ఆహార పదార్థాలను డబ్బాల్లో నింపడం, శుద్ధి చేయడం, గడ్డకట్టించడం, ఎండబెట్టడం, మార్కెట్ చేయడం, నిల్వచేయడం వంటివి వరసగా చెప్పి, చివర “ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్” అని ముగించింది. “షిప్‌మెంట్” తరువాత కామా లేదు. డిస్ట్రిబ్యూషన్ విడి అంశం కాబట్టి సరుకు పంపిణీ చేసే డ్రైవర్లకు ఓవర్‌టైం రాదని కంపెనీ అంది. అక్కడున్నది ప్యాకింగ్ ఒక్కటే, అది షిప్‌మెంట్ కోసం కావచ్చు, డిస్ట్రిబ్యూషన్ కోసం కావచ్చు, తాము ప్యాకింగ్ చేయడం లేదు కదా అని డ్రైవర్లు అన్నారు.

రెండు వైపులా బలమైన వాదనలే ఉన్నాయి. జాబితాలోని పనులన్నీ “ఇంగ్”తో ముగుస్తాయి, డిస్ట్రిబ్యూషన్ ముగియదు. అది విడి పని అయితే “డిస్ట్రిబ్యూటింగ్” అని ఉండేదన్నది డ్రైవర్ల పక్షం. ప్యాకింగే చివరి అంశమైతే దాని ముందు “ఆర్” ఏదీ అన్నది కంపెనీ పక్షం. పైగా ఆ రాష్ట్రపు చట్టరచన మార్గదర్శిక చివరి కామా వాడవద్దనే చెబుతుంది. కింది కోర్టు కంపెనీ వైపు మొగ్గింది. 2017 మార్చిలో ఫస్ట్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు మాత్రం ఆ వాక్యం అస్పష్టంగా ఉందనీ, అటువంటప్పుడు చట్టాన్ని అది ఎవరి రక్షణ కోసం వచ్చిందో ఆ కార్మికులకు అనుకూలంగా చదవాలనీ తీర్పు ఇచ్చింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. రాష్ట్రం తరువాత ఆ నిబంధనను తిరగరాస్తూ అంశాల మధ్య సెమికోలన్లు పెట్టి, “డిస్ట్రిబ్యూషన్”ను “డిస్ట్రిబ్యూటింగ్”గా మార్చింది.

ఇది విని మన దగ్గర ఇలాంటివి నిలబడతాయా అని ఆవిడ అడిగారు. విరామ చిహ్నాలు చట్టం అర్థం తేల్చడంలో చిన్న అంశమేనని మన సుప్రీం కోర్టు 1952లోనే అంది. అయినా 1979 నాటి ఒక కేసులో, ఔషధాల చట్టంలోని 27వ సెక్షన్ చదువుతూ కామానే ఆధారం చేసుకుంది. ఆ సెక్షన్‌లో అప్పట్లో “మాన్యుఫాక్చర్స్ ఫర్ సేల్, సెల్స్, స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్” అని ఉండేది. “స్టాక్స్” తరువాత కామా లేకపోవడంతో “ఫర్ సేల్” దానికీ వర్తిస్తుందనీ, మందులు కేవలం దగ్గర ఉంచుకోవడం ఆ సెక్షన్ కింద నేరం కాదనీ, అమ్మకం కోసం ఉంచుకుంటేనే నేరమనీ కోర్టు తేల్చింది.

ఈ రెండు కేసులనూ తెలుగులోకి మార్చి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. “రవాణా లేదా పంపిణీ కోసం ప్యాకింగ్” అనాలి, లేదా “రవాణా కోసం ప్యాకింగ్, పంపిణీ” అనాలి. రెండింటికీ సరిపోయే మూడో వాక్యం తెలుగులో రాయడం కష్టం, ఎందుకంటే “కోసం” అనేది నామవాచకం తరువాత వచ్చి తన పరిధిని తానే గీసుకుంటుంది. “అమ్మకానికి నిల్వ ఉంచినా, ప్రదర్శించినా” అన్నదీ, “నిల్వ ఉంచినా, అమ్మకానికి ప్రదర్శించినా” అన్నదీ అలాగే వేర్వేరు. విశేషణ వాక్యాల్లో తేడాను దాచిపెట్టే తెలుగు, జాబితాల్లో తేడాను బయటపెడుతుంది. కాబట్టి ఇంగ్లిష్ జాబితా రాశాక దాన్ని తెలుగులో చెప్పి చూడమని ఆవిడకు సలహా ఇచ్చాను. తెలుగు రెండు రకాలుగా వస్తే ఇంగ్లిష్ మార్చాలి.

మన ఒప్పందంలో ఇటువంటిది ఒకటి దొరికింది: “సప్లై, ఇన్‌స్టలేషన్ ఆర్ రిపేర్ ఆఫ్ పంప్స్ సప్లయిడ్ బై ది పర్చేజర్.” కొనుగోలుదారు ఇచ్చిన పంపులు అన్నది రిపేర్‌కే వర్తిస్తుందా, మూడింటికీనా? ఆక్స్‌ఫర్డ్ కామా ఇక్కడ పెట్టినా సందేహం పూర్తిగా తీరదు. జాబితాను విడగొట్టి రెండు నిబంధనలు చేశాం. చివరి కామా ఎప్పుడూ పెట్టాలన్న నియమం సంస్థకు రాసిచ్చాను గానీ, నా అనుభవంలో కామా మీద వాదులాడుకోవడం కంటే వాక్యం తిరగరాయడమే చవక.

అంకెల్లోని కామా గురించి ఒక్క మాట. ధరల అనుబంధంలో లక్షల పద్ధతిలో 12,50,000 అని రాశారు. విదేశీ కొనుగోలుదారుడికి అది అచ్చుతప్పులా కనిపిస్తుంది, ఒక సున్నా ఎగిరిపోయిందేమోనన్న అనుమానం వస్తుంది. 1,250,000గా మార్చి, పక్కన అక్షరాల్లో కూడా రాయించాం.

అపాస్ట్రఫీ: వినపడని గుర్తు

కామా విషయంలో చెవి మోసం చేస్తుంది. అపాస్ట్రఫీ విషయంలో చెవికి అసలు ఏమీ అందదు. “ఆపరేటర్స్”, “ఆపరేటర్’స్”, “ఆపరేటర్స్’” ఈ మూడింటినీ పైకి చదివితే ఒక్కటే ధ్వని. మొదటిది బహువచనం, రెండోది ఒక ఆపరేటర్‌కు చెందినది, మూడోది చాలామంది ఆపరేటర్లకు చెందినది. ఒప్పందంలో “ది పర్చేజర్ షల్ బేర్ ది ఆపరేటర్స్ ఇన్సూరెన్స్” అని అపాస్ట్రఫీ లేకుండా ఉంది. ఒకరి బీమానా, అందరి బీమానా?

ఇక్కడ తెలుగు గొప్ప సాయం చేస్తుంది. “ఆపరేటర్ బీమా”, “ఆపరేటర్ల బీమా” అన్నప్పుడు ఆ “ల” అక్షరమే తేడా చెప్పేస్తుంది. ముందు తెలుగులో అనుకోవాలి. “ల” వినిపించకపోతే ఏకవచనం రాసి, దాని చివర అపాస్ట్రఫీ, ఆపైన “స్”. “ల” వినిపిస్తే బహువచనం రాసి, దాని చివర అపాస్ట్రఫీ పెట్టాలి. ఆ బహువచనం అప్పటికే “స్”తో ముగిస్తే మరో “స్” అక్కర్లేదు, “చిల్డ్రన్”, “మెన్” లాగా ముగియకపోతే “చిల్డ్రన్’స్”, “మెన్’స్” అని చేర్చాలి. కాలానికీ ఇదే పనిచేస్తుంది. “నెల నోటీసు” అంటే “వన్ మంత్’స్ నోటీస్”. “రెండు నెలల నోటీసు” అంటే “టూ మంత్స్’ నోటీస్”. ఆవిడ దీన్ని గంటలో పట్టేశారు.

ఈ చిట్కాకు హద్దుందన్న సంగతి మరుసటి రోజే తెలిసింది. “గిడ్డంగి తలుపు”, “పంపు మోటారు” అన్నచోట కూడా షష్ఠీ విభక్తి అర్థమే ఉందని ఆవిడ “పంప్’స్ మోటర్” అని వరసగా మార్చుకుంటూ పోయారు. తెలుగులో “యొక్క” పెట్టగలిగిన ప్రతిచోటా ఇంగ్లిష్‌లో అపాస్ట్రఫీ రాదు. వస్తువు రకాన్ని చెప్పేటప్పుడు “పంప్ మోటర్” అని నామవాచకాన్నే విశేషణంగా వాడటం సాంకేతిక రాతలో మామూలు. తప్పు ఆవిడది కాదు, నా నియమంలో ఉన్న కన్నం అది.

“ఇట్’స్” సంగతి అందరికీ తెలిసినదే అయినా, మాన్యువల్‌లో అత్యధికంగా దొర్లింది అదే: “ది యూనిట్ అండ్ ఇట్’స్ కంట్రోల్ ప్యానెల్.” “హిజ్”, “అవర్స్”, “దెయిర్స్” వంటి సర్వనామాల్లో దేనికీ అపాస్ట్రఫీ లేదు, వాటి తోబుట్టువైన “ఇట్స్”కూ లేదు. “ఇట్’స్” అంటే “ఇట్ ఈజ్” లేదా “ఇట్ హ్యాజ్” మాత్రమే, అక్కడ అపాస్ట్రఫీ ఎగిరిపోయిన అక్షరాల గుర్తు. ఒప్పందాల్లో ఇలాంటి కుదించిన రూపాలు ఎలాగూ వాడం కాబట్టి, దస్తావేజులో “ఇట్’స్” ఎక్కడ కనిపించినా తప్పేనని తీర్మానించి, వెతికి ఒక్కొక్కటీ మార్చాం.

ఇక బహువచనంలో చొరబడే అపాస్ట్రఫీ. మన వీధుల్లో “టిఫిన్’స్”, “ఫ్యాన్సీ ఐటమ్’స్” అన్న బోర్డులు చూడని రోజు ఉండదు. ఇది మన ప్రత్యేకత కాదు, ఇంగ్లండ్‌లో కూడా కూరగాయల కొట్ల బోర్డుల మీద దీన్ని గుర్తించి ఆ కొట్లవారి పేరుతోనే పిలుస్తారు. మనవారి విషయంలో ఇంకో కారణం ఉండవచ్చని నా ఊహ. పొడి అక్షరాల పదానికీ, పరభాషా పదానికీ “లు” చేర్చేటప్పుడు మనం మధ్యలో ఒక అతుకును ఊహిస్తాం. ఆ అతుక్కి కనిపించే గుర్తుగా అపాస్ట్రఫీ పనికొస్తుంది. మాన్యువల్‌లో “మోటర్స్” అన్నచోట తప్పు లేదు, “పీసీబీ’స్”, “ఎల్ఈడీ’స్” అన్నచోటే ఉంది. ఇప్పటి ఇంగ్లిష్‌లో వీటికి అపాస్ట్రఫీ లేకుండా “పీసీబీస్” అని రాయడమే ప్రమాణం.

ఒకరోజు ఆవిడ ఎదురు ప్రశ్న వేశారు. అమెరికా ప్రభుత్వపు భౌగోళిక నామాల బోర్డు 1890 నుంచీ స్థలాల పేర్లలో యాజమాన్యపు అపాస్ట్రఫీని ప్రోత్సహించడం లేదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరపాలక మండలి 2009లో వీధి బోర్డుల నుంచి దాన్ని తీసేసింది. బ్రిటన్‌లోని వాటర్‌స్టోన్స్ పుస్తక దుకాణాలు 2012లో తమ పేరులో వదులుకున్నాయి. “పెద్దవాళ్లే తీసేస్తుంటే మనకెందుకు మాస్టారూ ఈ బాధ?” నా జవాబు ఇది: పేరు అనేది గుర్తు, అందులో ఎవరి సొత్తు అన్న లెక్క ఎవరూ అడగరు. ఒప్పందంలో అడిగేది ఆ లెక్కే. బీమా సొమ్ము ఎందరిదో తేల్చాల్సిన చోట ఆ వెసులుబాటు మనకు లేదన్నాను.

నేను చేసిన తప్పు

ఒప్పందం కాలపరిమితి నిబంధన మొదట ఇలా ఉంది: మూడేళ్లు అమల్లో ఉంటుంది “అండ్ దేరాఫ్టర్ ఫర్ సక్సెసివ్ వన్-ఇయర్ టర్మ్స్ అన్‌లెస్ టెర్మినేటెడ్ బై సిక్స్టీ డేస్’ నోటీస్.” వాక్యం పొడవుగా ఉందనిపించి “అన్‌లెస్”కు ముందు నేనొక కామా పెట్టాను. సంస్థ న్యాయవాది దాన్ని తిప్పి పంపారు. కామా లేకపోతే అరవై రోజుల నోటీసుతో రద్దు చేసుకునే హక్కు తరువాతి ఏడాది గడువులకే వర్తిస్తుందని చదవవచ్చు. కామా పెడితే మొదటి మూడేళ్లకు కూడా వర్తిస్తుందని వాదించవచ్చు.

ఆ వాదన ఊహాజనితం కాదు. కెనడాలో విద్యుత్, టెలిఫోన్ స్తంభాల వాడకంపై రోజర్స్, ఏలియంట్ సంస్థల మధ్య 2002 నాటి ఒప్పందంలో ఇటువంటి కామాయే ఉంది. అయిదేళ్లు, ఆ తరువాత మరో అయిదేళ్ల గడువులు, ఆపైన కామా, ఏడాది ముందు నోటీసుతో రద్దు చేసుకుంటే తప్ప అన్నది దాని సారం. కామా ఉంది కాబట్టి మొదటి అయిదేళ్లలో కూడా రద్దు చేయవచ్చని 2006లో అక్కడి టెలికాం నియంత్రణ కమిషన్ ఏలియంట్ పక్షాన తేల్చింది. పత్రికలు దాన్ని పది లక్షల డాలర్ల కామా అన్నాయి. ఒప్పందపు ఫ్రెంచి పాఠంలో ఆ అస్పష్టత లేదని చూపించాక, 2007లో కమిషన్ తన నిర్ణయాన్ని మార్చుకుంది. ఈ కేసు నాకు తెలుసు, ఓక్‌హర్స్ట్ కేసుతో పాటు ఎందరికో చెప్పాను కూడా. అయినా ఆ రోజు నేను కామా పెట్టింది వాక్యం చదువుతుంటే ఊపిరి ఆడక. నిబంధనను రెండు వాక్యాలుగా విడగొట్టి, రద్దు హక్కు ఏ గడువుకు వర్తిస్తుందో పేరు పెట్టి రాశాం.

రెండు నెలల తరువాత ఆవిడ రాసిన కొత్త మాన్యువల్ చూశాను. విశేషణ వాక్యాల కామాలు ఒక్కచోట తప్ప సరిగ్గా ఉన్నాయి. “ఇట్’స్” లేదు. కర్తకూ క్రియకూ మధ్య కామా మాత్రం, కర్త రెండు పంక్తులు దాటినప్పుడల్లా తిరిగి వచ్చి కూర్చుంటోంది. దానికి ఇంకా మందు దొరకలేదు.

సంస్థకు తయారుచేసి ఇచ్చిన నియమాల పత్రంలో చివరి అంశం ఒకటి మిగిలింది. శ్రీనివాస్ లాంటి, “స్”తో ముగిసే పేరుకు స్వామ్యం చెప్పాలంటే “శ్రీనివాస్’” అని రాయాలా, “శ్రీనివాస్’స్” అని రాయాలా? ఇంగ్లిష్‌లో రెండూ చెల్లుతాయి, ఒక దస్తావేజులో ఒకటే పాటిస్తే చాలు. పలికేటప్పుడు రెండో “స్” వినిపిస్తుంది కాబట్టి నేను “శ్రీనివాస్’స్”ను ఎంచుకుని, కారణం కూడా అక్కడే రాశాను. ఆ పత్రం ఆవిడ దగ్గరి నుంచి తిరిగి వచ్చింది. చివరి పంక్తి కింద పెన్సిల్‌తో ఇలా రాసి ఉంది: “ఇక్కడ మీరు కూడా చెవినే నమ్మారు కదా, మాస్టారూ?” ఇంకా జవాబు పంపలేదు.